పది తర్వాత మతాల చదువు: తీసుకోవాలా వద్దా తేల్చుకునే పద్ధతి

పదో తరగతి పరీక్షలు దగ్గర పడితే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. మిర్యాలగూడలో ఒక తల్లి: "సార్, మా పాపకు గుళ్లు, దర్గాలు, బుద్ధుడి కథలంటే ప్రాణం. ఇంటర్‌లో దాని మీద సబ్జెక్టు ఉందా?" వనపర్తిలో ఒక తండ్రి: "మావాడు వేదపాఠశాలకు పోతానంటున్నడు. రేపు డిగ్రీలో సీటు ఇస్తరా?" మహబూబ్‌నగర్‌లో ఇంకొకరు: "పిలగాడు ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి హాఫిజ్ అయిండు. ఇప్పుడు ఇంటర్ ఎట్ల?" వినడానికి మూడూ ఒకే ప్రశ్నలా ఉంటాయి. జవాబులు మాత్రం మూడు దిక్కులకు పోతాయి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మన జూనియర్ కాలేజీల్లో మామూలుగా దొరికే ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) గ్రూపుల్లో మతాల అధ్యయనం అనే సబ్జెక్టు లేదు. కాబట్టి ఈ నిర్ణయం ఫారంలో ఒక గడికి టిక్కు పెట్టినంత తేలిక కాదు. ఉన్న దారుల్లో మీ ఇష్టానికి దగ్గరైనదాన్ని, సర్టిఫికెట్‌కు నష్టం రాకుండా ఎంచుకోవాలి. కింది మెట్లు వరుసగా చేయండి. మొదటి మెట్టు వదిలేసి నేరుగా కాలేజీకి పరుగెత్తిన వాళ్లే ఆగస్టులో టెన్షన్ పడతారు.

1. ముందు ఏ చదువు కావాలో విడదీయండి

మతం మీద ఇష్టం అనే మాట కింద నాలుగు రకాల పిల్లలు ఉంటారు. వాళ్లను విడదీయడానికి నల్లగొండ పక్కనే ఒక మంచి చోటు ఉంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. అక్కడ గర్భగుడిలో లింగం మీద పగలంతా ఒక స్తంభం ఆకారంలో నీడ నిలిచి ఉంటుంది. పిల్లను అక్కడికి తీసుకెళ్లండి. మీరేమీ చెప్పకండి. తను ఏం అడుగుతుందో వినండి.

- "ఈ నీడ ఎట్లా పడుతోంది? ఏ స్తంభానిది?" అని చుట్టూ తిరిగి కొలతలు చూస్తే ఆమెకు కావలసింది భౌతికశాస్త్రం. ఎంపీసీ గురించి ఆలోచించండి.
- "ఎవరు కట్టించారు? శాసనం ఎక్కడుంది?" అంటే చరిత్ర, పురావస్తు శాస్త్రం.
- "నీడకు కారణం తెలిసినా జనం దండం పెడుతూనే ఉన్నారు, ఎందుకు?" అంటే మతాల అధ్యయనం. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఈ పిల్లల కోసమే.
- "ఈ అభిషేకం చేయడం, ఆ మంత్రం చెప్పడం నేర్చుకుంటా" అంటే ఆచరణ. దాని దారి వేదపాఠశాల, మదరసా లేదా సెమినరీ (పాస్టర్ల శిక్షణ కాలేజీ).

ఒకే పిల్లలో రెండు ప్రశ్నలు కలిసి ఉండొచ్చు. ఫర్వాలేదు. ఏది ముందు వచ్చింది, ఇంటికొచ్చాక దేన్ని మళ్లీ ఎత్తింది అనేది గమనించండి.

ఆచరణ వేరు, అధ్యయనం వేరు అన్నది ఇక్కడే ఖాయం చేసుకోవాలి. ఆచరణలో గురువు చెప్పింది తు.చ. తప్పకుండా నేర్చుకుంటారు. అధ్యయనంలో తన మతాన్నీ పక్కవాళ్ల మతాన్నీ ఒకే కళ్లతో చూడాలి, కారణాలు అడగాలి, రెండు వైపులా రాయాలి. భక్తి బాగా ఉన్న పిల్లకు రెండోది కొన్నిసార్లు ఇబ్బందిగా ఉంటుంది. భక్తి అంతగా లేని పిల్లకు అదే బ్రహ్మాండంగా నచ్చొచ్చు.

2. మన దగ్గర నిజంగా ఏ దారులు ఉన్నాయి

*హెచ్ఈసీ, తగిన రెండో భాష.* నా లెక్కలో నల్లగొండ, పాలమూరు పిల్లల్లో ఎక్కువమందికి ఇదే సరైన దారి. హిస్టరీలో జైనం, బౌద్ధం, భక్తి ఉద్యమం, సూఫీలు వస్తారు. సివిక్స్‌లో లౌకికరాజ్యం, మతస్వేచ్ఛ వస్తాయి. రెండో భాషగా సంస్కృతం, ఉర్దూ, అరబిక్ లాంటివి కాలేజీని బట్టి దొరుకుతాయి. హెచ్ఈసీ అన్ని ప్రైవేటు కాలేజీల్లో ఉండదు, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ముందు వెతకండి.

*జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్.* పేరులోనే విషయం ఉన్న సబ్జెక్టులు మనకు అందుబాటులో దొరికేది ఇక్కడే. పది స్థాయిలో భారతీయ సంస్కృతి, వారసత్వం ఉంది. పదిలోనూ, పన్నెండులోనూ వేదాధ్యయనం, భారతీయ దర్శనం లాంటివి ఉన్నాయి. కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, వాటిలో కనీసం ఒకటి భాష. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల వరకు ఆ ప్రవేశం చెల్లుతుంది. గుర్తింపు ఉన్న బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులు బదిలీ చేసుకోవచ్చు. చిక్కల్లా మాధ్యమం దగ్గరే. మీకు కావలసిన సబ్జెక్టు పుస్తకం ఏ భాషలో ఉందో చూడకుండా ఫీజు కట్టకండి.

*సీబీఎస్ఈ.* పదకొండు, పన్నెండు తరగతులకు భారతీయ జ్ఞాన సంప్రదాయాల మీద ఒక ఎలక్టివ్ ఉంది. దాన్ని చెప్పే బడి దొరకడమే కష్టం. ఉంది కదా అని దాని కోసం ఊరు మారకండి.

*అంతర్జాతీయ బోర్డులు.* ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమాలో ప్రపంచ మతాలు అనే సబ్జెక్టు ఉంది, అదీ స్టాండర్డ్ లెవెల్‌లో మాత్రమే. కేంబ్రిడ్జ్ బోర్డులోనూ రెలిజియస్ స్టడీస్ ఉంది. ఈ బడులు హైదరాబాద్ చుట్టూనే ఎక్కువ, ఫీజులు లక్షల్లో. బోర్డు పట్టికలో సబ్జెక్టు ఉన్నంత మాత్రాన ఆ బడిలో టీచర్ ఉన్నట్టు కాదు.

*వేదపాఠశాల, మదరసా, సెమినరీ.* ఇవి ఆచరణ దారులు. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: బయటికొచ్చాక చేతిలో ఉండే కాగితం ఎక్కడెక్కడ చెల్లుతుంది? వేద, సంస్కృత విద్యకు ఉన్న మహర్షి సాందీపని జాతీయ బోర్డు ఇచ్చే వేదభూషణ్ పదికి, వేదవిభూషణ్ పన్నెండుకు సమానంగా గుర్తింపు పొందాయి. అన్ని పాఠశాలలూ ఆ బోర్డు కింద లేవు. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కొన్ని మదరసాల సర్టిఫికెట్లను ప్రవేశాలకు గుర్తిస్తుంది. మీ మదరసా పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. పాస్టర్ శిక్షణ అనుకునే వాళ్లు, ఆ కాలేజీ క్రైస్తవ వేదాంత డిగ్రీలు ఇచ్చే సెరాంపూర్ సెనేట్‌కు అనుబంధంగా ఉందా అని అడగాలి. ఊరికో బైబిల్ స్కూలు ఉంటుంది, అన్నింటి సర్టిఫికెట్లకూ ఒకే విలువ ఉండదు.

ఆచరణ దారి పట్టే ఈ నాలుగో రకం పిల్లలకు నా సలహా మొండిగానే ఉంటుంది. మీ పాఠశాల కాగితానికి గుర్తింపు లేకపోతే, పక్కన ఎన్ఐఓఎస్‌లోనో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలోనో పది, ఇంటర్ రాయించండి. పదికి కనీస వయసు 14, ఇంటర్‌కు 15. మంత్రం, ఖురాన్, బైబిల్ ఏది చదివినా సరే, ఆధార్ కార్డు పక్కన పది మెమో ఉండాల్సిందే. పుట్టిన తేదీ రుజువు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా దాని అవసరం పడుతూనే ఉంటుంది.

3. చేరకముందే రెండు వారాలు పరీక్షించి చూడండి

పరీక్షలకూ ఫలితాలకూ మధ్య ఖాళీ ఉంటుంది. పిల్లలు ఫోన్ పట్టుకుని కూర్చునే రోజులవి. ఈ పరీక్ష అప్పుడే చేయాలి. ఖర్చు బస్సు టికెట్లు, ఒక నోటుపుస్తకం.

మొదటి పని: ఒకే చోట ఒకటి కన్నా ఎక్కువ సంప్రదాయాలు ఉన్న ఊరు ఎంచుకోండి. పాలమూరు వైపు వాళ్లకు ఆలంపూర్‌కు మించింది లేదు. ఆలంపూర్ చౌరస్తాలో దిగి లోపలికి వెళితే తుంగభద్ర ఒడ్డున జోగులాంబ గుడి, బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, ఆ దగ్గర్లోనే షా అలీ పహిల్వాన్ దర్గా, పాత శిల్పాలున్న మ్యూజియం, అన్నీ నడిచి తిరిగే దూరంలో ఉంటాయి. నల్లగొండ వైపు వాళ్లు కొలనుపాక వెళ్లొచ్చు. జైన మందిరం, సోమేశ్వరాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. సూర్యాపేట వాళ్లకు ఫణిగిరి బౌద్ధ స్థూపం దగ్గర. నాగార్జునసాగర్‌లో బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు ఉంది.

రెండో పని: నోటుపుస్తకంలో పేజీని మూడు నిలువు గళ్లుగా గీయండి. మొదటి గడిలో కంటితో చూసింది. రెండో గడిలో ఎవరో చెప్పింది, ఆ చెప్పిన మనిషి ఎవరో కూడా (పూజారి, దర్గా చూసుకునే ముజావర్, గైడు, పూలమ్మే అవ్వ). మూడో గడిలో నా ఊహ, నా ప్రశ్న.

ఆలంపూర్‌లో ఒక పేజీ ఇలా ఉండొచ్చు. చూసింది: తారక బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, వీర బ్రహ్మ అని పేర్లు, లోపల మాత్రం శివలింగం. చెప్పింది: బ్రహ్మ ఇక్కడ తపస్సు చేశాడు కాబట్టి ఆ పేరు, అని గైడు. నా ప్రశ్న: పేరు ఒక దేవుడిది, పూజ ఇంకో దేవుడికి. ఈ పేర్లు మొదటి నుంచీ ఉన్నాయా, తర్వాత వచ్చాయా? ఈ ప్రశ్న పదిహేనేళ్ల పిల్ల తనంతట తాను రాసిందంటే మీరు సగం నిర్ణయం తీసుకున్నట్టే.

చాలామంది పిల్లలు మొదటిసారి మూడు గళ్లనూ కలిపేస్తారు. విన్నదాన్ని చూసినట్టు రాస్తారు. తిట్టకండి. రెండో చోటుకు వెళ్లినప్పుడు తేడా వస్తుందేమో చూడండి. ఈ చదువులో అసలు నైపుణ్యమే అది.

మూడో పని: సొంత ఊళ్లో ఒక ప్రశ్న. మన పల్లెల్లో పీర్ల పండుగ ఉందంటే పీర్లను ఎత్తేవాళ్లలో హిందువులు ఎంతోమంది ఉంటారు. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు కందూరు (మొక్కు విందు) చేసే ఇళ్లు ఎన్నో. ఎందుకు, ఎప్పటి నుంచి, ఇంట్లో ఎవరు మొక్కుకున్నారు అని నాయనమ్మను, పక్కింటి చాచాను అడిగి రెండు పేజీలు రాయమనండి.

నాలుగో పని: తన మతం కాని దాని గురించి ఒక పేజీ రాసి, ఆ మతం స్నేహితురాలికి చదివి వినిపించాలి. "అవును, మేము ఇట్లనే అనుకుంటాం" అని ఆమె అంటే సరిపోయినట్టు. మనసు నొచ్చుకుంటే ఎక్కడ నొచ్చుకుందో అడిగి తిరిగి రాయాలి.

ఇప్పుడు లెక్క చూసుకోండి.

- నోటుపుస్తకం మీరు చెప్పకుండానే తెరిచిందా?
- మూడో గడిలో ప్రశ్నలు పెరిగాయా, తీర్పులు పెరిగాయా?
- తిరగడం నచ్చిందా, తిరిగొచ్చి కూర్చుని రాయడం కూడా నచ్చిందా?
- తన నమ్మకానికి ఎదురైన మాట విన్నప్పుడు కోపం వచ్చిందా, ఆసక్తి వచ్చిందా?

రాయడం బొత్తిగా నచ్చకపోతే ఆగండి. ఇది తిరిగే చదువులా కనిపించే రాసే చదువు. ఆసక్తిని సెలవుల్లో ఉంచుకుని, గ్రూపు మాత్రం ఇంకోటి తీసుకోవచ్చు.

4. డిగ్రీ వైపు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఇంటర్ గ్రూపును ఇంటర్ కోసం ఎంచుకోకూడదు. 18 ఏళ్లకు ఏ తలుపు ముందు నిలబడాలనుకుంటున్నారో అక్కడి నుంచి వెనక్కి రావాలి.

డాక్టరో ఇంజనీరో కావాలని మనసులో ఏ మూలో ఉన్నా హెచ్ఈసీ తీసుకోవద్దు. ఎంపీసీ, బైపీసీ నుంచి తర్వాత ఆర్ట్స్‌కు రావచ్చు. హెచ్ఈసీ నుంచి ఇంజనీరింగ్, మెడిసిన్ వైపు వెళ్లడం చాలా కష్టం. మతాల మీద ఆసక్తి ఉన్న ఎంపీసీ పిల్లలు డిగ్రీలో బీఏ తీసుకుంటే వచ్చే నష్టమేమీ లేదు, ఇంట్లో కొన్నాళ్లు గొడవ తప్ప.

న్యాయవాద వృత్తి అనుకుంటే ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) ఐదేళ్ల కోర్సుకు ఓసీ అభ్యర్థికి 45 శాతం ఉంటే చాలు. మతస్వేచ్ఛ, దేవాదాయం, వక్ఫ్ లాంటి విషయాల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఇది చక్కగా సరిపోతుంది.

టీచర్ కావాలనుకుంటే జాగ్రత్త. బీఎడ్‌లో సోషల్ మెథడాలజీ కావాలంటే డిగ్రీలో హిస్టరీ, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ లాంటి సబ్జెక్టులు ఉండాలి. వాటిని వదిలేసి డిగ్రీ మొత్తం భాషలు, తత్వశాస్త్రంతో నింపుకుంటే తర్వాత ఇబ్బంది.

విశ్వవిద్యాలయంలో ఇదే విషయం లోతుగా చదవాలంటే: దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా బీఏ, లేదా సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) రాసి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ. ఆ తర్వాత ఉస్మానియాలో ఫిలాసఫీ, సంస్కృతం, ఇస్లామిక్ స్టడీస్ ఉన్నాయి. ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ స్టడీస్ ఉంది. బిహార్‌లోని నలందా విశ్వవిద్యాలయంలో బౌద్ధం, తత్వశాస్త్రం, మతాల తులనాత్మక అధ్యయనం కలిపి ఒక విభాగమే ఉంది. డిగ్రీ లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో మతాల తులనాత్మక అధ్యయనం ఒక సబ్జెక్టు. సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకుంటే రెండో పేపర్‌లో మత తత్వశాస్త్రం వస్తుంది.

ఉద్యోగం గురించి నిజం మాట్లాడుకుందాం. మతాల అధ్యయనం చదివినవాళ్లు కావాలని నల్లగొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ప్రకటన పడదు. ఈ చదువు లా, టీచింగ్, జర్నలిజం, మ్యూజియంలు, పర్యాటకం, పోటీ పరీక్షలు, పరిశోధన లాంటి వాటిలోకి తీసుకెళుతుంది. అక్కడ ఇంకో నైపుణ్యం దానికి తోడు ఉండాలి. ఇంగ్లిష్ బాగా చదవడం, రాయడం రాకపోతే ఈ దారి సగంలో ఆగిపోతుంది. ఇది చాలామంది సార్లు మొహమాటానికి చెప్పరు. ఇంటర్ రెండేళ్లూ రోజూ కాస్త ఇంగ్లిష్ చదవడం ఈ నిర్ణయంలో భాగమే అనుకోండి.

5. కాలేజీకి వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి

ఫోన్‌లో అడిగితే "అన్నీ ఉన్నాయమ్మా, వచ్చేయండి" అంటారు. స్వయంగా వెళ్లండి, పిల్లను కూడా తీసుకెళ్లండి.

- నిరుడు హెచ్ఈసీలో ఎంతమంది ఉన్నారు? నిజంగా క్లాసులు జరిగాయా?
- హిస్టరీకి లెక్చరర్ ఉన్నారా, పోస్టు ఖాళీగా ఉందా?
- ఏ మాధ్యమం? తెలుగా, ఇంగ్లిషా, ఉర్దూనా?
- నాకు కావలసిన రెండో భాషకు ఇక్కడే టీచర్ ఉన్నారా?
- ఈ కోర్సుకు ఈ-పాస్ స్కాలర్‌షిప్ వస్తుందా?
- ఆడపిల్ల అయితే: బస్సు ఎన్ని గంటలకు, హాస్టల్ ఉందా?
- గ్రూపు మారాలంటే ఏ తేదీ వరకు?

పాఠశాల, మదరసా, సెమినరీ అయితే ఇంకో మూడు కలపండి: సర్టిఫికెట్ ఏ బోర్డుది, పది లేదా ఇంటర్ పక్కన రాయనిస్తారా, మధ్యలో మానేస్తే అసలు మెమోలు వెంటనే తిరిగి ఇస్తారా. మూడోదానికి జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే అక్కడ చేర్చకండి. అసలు మెమోలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు రశీదు తీసుకోండి, జిరాక్సులు నాలుగు సెట్లు ఇంట్లో పెట్టుకోండి.

6. ఇంట్లో మాట్లాడే తీరు

ఇంట్లో వచ్చే అభ్యంతరాలు పైకి వేరుగా ఉంటాయి, లోపల రెండే భయాలు. ఒకటి: "రేపు ఏం తింటవ్?" రెండోది గట్టిగా అనరు గానీ ఉంటుంది: "పక్క మతం గురించి చదివి మారిపోతుందేమో."

మొదటి భయానికి మాటలతో జవాబు చెప్పకండి. ఒక కాగితం మీద నాలుగో మెట్టులోని దారులు రెండు రాసి చూపించండి. "బాపూ, హెచ్ఈసీ తీసుకుంట. రెండేళ్ల తర్వాత లాసెట్ రాస్త. రాకుంటే బీఏ, బీఎడ్" అని పిల్ల తన నోటితో చెబితే తండ్రి ముఖం మారుతుంది. రెండో ప్రత్యామ్నాయం లేకుండా ఇంట్లో చర్చ మొదలుపెట్టకూడదు.

రెండో భయానికి చట్టం తోడుంది. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన చేయకూడదు. గుర్తింపు లేదా ప్రభుత్వ సాయం ఉన్న సంస్థల్లో మతబోధన, ప్రార్థనల్లో పాల్గొనమని బలవంతం చేయకూడదు. మైనర్ పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మతాల గురించి చెప్పడం మాత్రం తప్పు కాదని 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే క్లాసులో బుద్ధుడి గురించో ప్రవక్త గురించో చదివితే అది మతబోధన కాదు.

పెద్దమ్మ, మేనమామ, ఊళ్లో పెద్దసారు అందరి దగ్గరా అభిప్రాయం అడుగుతూ పోకండి. ఆ చదువు చదివినవాళ్లు ఒకరు, ఆ కాలేజీలో ప్రస్తుతం చదువుతున్నవాళ్లు ఒకరు, ఇద్దరు చాలు. మిగతావాళ్లకు చేరాక చెప్పండి.

7. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుకునే మార్గాలు

సంస్కృతం తీసుకుంటే శాస్త్రాలు చదివినట్టే అనుకోవడం. ఇంటర్ సంస్కృతాన్ని ఎక్కువమంది మార్కుల కోసం తీసుకుంటారు, జవాబులు తెలుగు లిపిలో రాసి గట్టెక్కుతారు. నిజంగా గ్రంథాలు చదవాలంటే దేవనాగరి పక్కాగా నేర్చుకుని, వ్యాకరణం వేరుగా చదవాలి. అరబిక్, ఉర్దూలకూ ఇదే వర్తిస్తుంది. ఖురాన్ పారాయణం వచ్చినంత మాత్రాన అరబిక్ అర్థమైనట్టు కాదు.

యూట్యూబ్ ప్రవచనాలు విని ఇష్టం కలిగి చేరిపోవడం. వినేటప్పుడు అన్నీ బాగుంటాయి. చేరేముందు ఇంటర్ మొదటి ఏడాది హిస్టరీ పుస్తకం తెచ్చి బౌద్ధ, జైన పాఠాలు చదివించండి. పొడిగా అనిపించినా చదవగలిగితే చేరొచ్చు.

లెక్కలంటే భయపడి హెచ్ఈసీ తీసుకోవడం. ఇది తప్పించుకోవడమే తప్ప ఎంచుకోవడం కాదు. ఇలా వచ్చిన పిల్లలు ఎకనామిక్స్‌లో పట్టికలు చూసి మళ్లీ బెదిరిపోతారు. మూడో మెట్టులోని పరీక్ష నిజాయితీగా చేస్తే ఇది బయటపడుతుంది.

స్నేహితురాలు చేరిందని చేరడం. దీనికి మందు లేదు, ఇద్దరినీ వేర్వేరుగా పానగల్లు పంపండి.

ఎన్ఐఓఎస్‌లో చేరి పుస్తకాలు అటకెక్కించడం. ఓపెన్ స్కూల్ అంటే ఎవరూ అడగరు. ఇంట్లో చదివించే మనిషి, వారానికి ఒక నిర్ణీత రోజు లేకపోతే ఐదేళ్లూ అలాగే గడిచిపోతాయి. కాలేజీ వాతావరణం అవసరమైన పిల్లకు ఇది సరిపడదు.

8. విదేశాల్లో ఉన్న మన పిల్లల సంగతి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన జిల్లాల కుటుంబాల నుంచి ఈ ప్రశ్న వేరే రూపంలో వస్తుంది: "ఇక్కడ జీసీఎస్ఈలో (మన పదో తరగతి లాంటి పరీక్ష) రెలిజియస్ స్టడీస్ ఉంది, తీసుకోనా?" అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతవిద్య చెప్పడం తప్పనిసరి, పిల్లలను దాని నుంచి తప్పించే హక్కు తల్లిదండ్రులకు ఉంది. జీసీఎస్ఈ పరీక్షగా రాయాలా అన్నది బడిని బట్టి ఉంటుంది. పూర్తి కోర్సులో రెండు మతాలు చదవాలి. ప్రాజెక్టులు ఉండవు, అంతా రాత పరీక్షే. సగం మార్కులు తెలిసింది చెప్పడానికి, సగం వాదనను తూచి రాయడానికి. కాబట్టి మన ఇంటి పూజలు తెలుసు కదా, హిందూమతం తేలిక అనుకుంటే దెబ్బ తింటారు. ఒక వాక్యం ఇచ్చి దానికి అనుకూలంగా, వ్యతిరేకంగా రాయమంటారు.

రెండు మూడేళ్లలో తెలంగాణకు తిరిగి వచ్చే ఆలోచన ఉంటే గణితం, సైన్సు, ఇంగ్లిష్ జీసీఎస్ఈలు ముందు పక్కా చేసుకోండి. దీన్ని అదనంగా తీసుకోండి. ఏ-లెవెల్‌లో (అక్కడి ఇంటర్ లాంటిది) ఈ సబ్జెక్టు ఎక్కువగా తత్వశాస్త్రం, నీతిశాస్త్రం వైపు నడుస్తుంది. లా, చరిత్ర వైపు వెళ్లే పిల్లలకు బాగుంటుంది.

9. ఏ నెలలో ఏ పని

- జనవరి, ఫిబ్రవరి: మొదటి మెట్టు. ఒక ఆదివారం చాలు. పది చదువుకు అడ్డం రాకూడదు.
- పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచి: మూడో మెట్టు. ఎండలు ముదిరితే పొద్దున్నే బయల్దేరి పదకొండుకల్లా నీడకు చేరండి.
- ఫలితాలకు ముందు: నాలుగో మెట్టు, ఇంట్లో చర్చ.
- ఫలితాలు రాగానే: కాలేజీలు రెండు చూడండి, ఒకటి కాదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో అప్పుడే దరఖాస్తు పెట్టండి. జూన్‌లో రద్దీ ఎక్కువ.
- చేరాక మొదటి నెల: రోజూ క్లాసు జరిగిందా లేదా అని క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

ఆ క్యాలెండర్‌ను నెలాఖరున చూడండి. సగం రోజులు హిస్టరీ క్లాసు జరగకపోతే ప్రిన్సిపాల్‌ను కలవండి. మార్పు రాకపోతే ప్రవేశాల గడువు ముగిసేలోపే కాలేజీ మార్చండి, గడువు దాటాక ఆ పని చాలా కష్టం. క్లాసులు బాగా జరుగుతున్నా పిల్లకు మనసు పట్టకపోతే గ్రూపు మారడానికీ అదే సమయం. మూడు గళ్ల నోటుపుస్తకం మాత్రం పారేయకండి. ఏ గ్రూపులో ఉన్నా సెలవుల్లో దాన్ని నింపుకోవచ్చు, డిగ్రీ ప్రవేశాలప్పుడు మళ్లీ తెరిచి చూసుకోవచ్చు.